ఎద్రూస్ సాబ్ ఫౌజ్‌లో మా దాదా: ఐదు రోజుల యుద్ధం, ఆ తర్వాతి ఏళ్ల లెక్క

మెదక్: సెప్టెంబర్ 17 దగ్గర పడిందంటే మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో ఒకటే గొడవ. ఒకరు విమోచనం అంటారు, ఒకరు విలీనం అంటారు, ఇంకొకరు పోలీస్ యాక్షన్ అంటారు. ప్రభుత్వాలు కూడా పేరు మారుస్తూనే ఉన్నాయి. 2022లో రాష్ట్ర ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినం అంటే, అదే రోజు కేంద్రం విమోచన దినం జరిపింది. 2024లో అది ప్రజాపాలన దినోత్సవం అయింది. మా దాదా ఆ రోజుకు పెట్టుకున్న పేరు వేరే. "హతియార్ రఖ్‌దియే సో దిన్" అనేవారు. ఆయుధాలు కింద పెట్టేసిన రోజు అని.

దాదా నిజాం ఫౌజ్‌లో సిపాయి. 18 ఏళ్లకు భర్తీ అయ్యారు, 22 ఏళ్లకు ఇంటికొచ్చేశారు. 2011లో ఆయన పోయేనాటికి నేను ఇంటర్‌లో ఉన్నాను. ఆయన వదిలి వెళ్లిన రేకు పెట్టెలో ఒక జత పాత ఫోటోలు, ఒక ఇత్తడి బకిలు, నాలుగు మడతలు పెట్టిన ఒక కాగితం ఉన్నాయి. కాగితం ఉర్దూలో ఉంది. మా ఇంట్లో అది గడగడా చదవగలిగినవాళ్లు ఎవరూ లేరు. నేను తెలుగు మీడియం, తర్వాత బీకాం. మసీదులో మౌల్వీ సాబ్ దగ్గరికి తీసుకెళ్లి చదివించుకున్నాను. అందులో దాదా ఉద్యోగం పోవడానికి కారణం ఒక్క మాటలో రాసి ఉంది: "తఖ్ఫీఫ్". తగ్గింపు అని అర్థం. నొప్పి తగ్గినా ఉర్దూలో అదే మాట వాడతారని మౌల్వీ సాబ్ చెప్పారు. మా ఇంట్లో మాత్రం ఆ మాటతో ఏ నొప్పీ తగ్గలేదు.

ఈ వ్యాసం రెండు ప్రశ్నల గురించి. ఓడిపోయిన ఫౌజ్ కమాండర్‌ను ఒక సిపాయి చచ్చేదాకా ఎందుకు గౌరవించాడు? ఆ యుద్ధం అయిపోయాక ప్రభుత్వం తీసుకున్న నిర్ణయాలు మనలాంటి కుటుంబాలను ఎక్కడికి తెచ్చాయి?

ఎవరీ ఎద్రూస్ సాబ్?

మేజర్ జనరల్ సయ్యద్ అహ్మద్ ఎల్ ఎద్రూస్ 1899లో పుట్టారు. వాళ్ల పూర్వీకులు యెమెన్‌లోని హద్రమౌత్ ప్రాంతం నుంచి వచ్చిన అరబ్బులు. 1948లో హైదరాబాద్ రాష్ట్ర సైన్యానికి ఆయనే కమాండర్. దాదా ఆయన్ను రెండుసార్లే చూశారట, రెండుసార్లూ పరేడ్‌లోనే, అదీ దూరం నుంచి. అయినా "ఎద్రూస్ సాబ్" అనే మాట వచ్చిందంటే మంచం మీద పడుకున్న మనిషి లేచి కూర్చునేవారు.

ఆ ఫౌజ్ పేరు బయటి దేశాల్లో కూడా తెలుసు. మొదటి ప్రపంచ యుద్ధంలో హైదరాబాద్ లాన్సర్లు జోధ్‌పూర్, మైసూర్ లాన్సర్లతో కలిసి పాలస్తీనా వైపు పనిచేశారు. ఢిల్లీలో తీన్ మూర్తి అంటే అందరికీ తెలుసు కదా, అక్కడున్న మూడు విగ్రహాలు ఈ మూడు సంస్థానాల సైనికులవే. రెండో ప్రపంచ యుద్ధంలో 1941 డిసెంబర్‌లో జపాన్ మలయా మీద దిగినప్పుడు, కోట భారు విమానాశ్రయం కాపలాలో హైదరాబాద్ పదాతి దళం ఉంది. అంటే దాదా చేరింది పేరున్న ఫౌజ్‌లోనే.

లెక్కలో ఎంత తేడా?

1947 ఆగస్టులో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఇటు భారత్‌లోగానీ అటు పాకిస్తాన్‌లోగానీ చేరలేదు. 1947 నవంబర్ 29న భారత్‌తో ఒక ఏడాదికి యథాతథ ఒప్పందం చేసుకున్నారు. ఆ ఏడాది పూర్తి కాకముందే పరిస్థితి చెడింది. ఊళ్లల్లో ఒకవైపు కమ్యూనిస్టుల సాయుధ పోరాటం, ఇంకోవైపు ఖాసిం రజ్వీ నాయకత్వంలో రజాకార్లు. బైరాన్‌పల్లి లాంటి ఊళ్లలో జరిగిన చంపుడును ఇప్పటికీ అక్కడి జనం మరచిపోలేదు, మరచిపోవాలని అడిగే హక్కు మనకూ లేదు. రజ్వీని వ్యతిరేకించిన ముస్లింలు కూడా బలయ్యారు. "ఇమ్రోజ్" పత్రిక ఎడిటర్ షోయబుల్లా ఖాన్‌ను 1948 ఆగస్టులో హైదరాబాద్ నడిరోడ్డు మీద చంపేశారు.

ఇక్కడ ఒక విషయం చాలామందికి తెలియదు. ఫౌజ్ వేరు, రజాకార్లు వేరు. ఫౌజ్ ఎద్రూస్ కింద, రజాకార్లు రజ్వీ కింద. రాష్ట్రంలో తుపాకీ పట్టిన వాళ్లందరికీ ఒకే కమాండర్ లేడు. దాదా యూనిఫాం వేసుకుని మెదక్ వచ్చినప్పుడు కూడా కొందరు ఆయన్ను రజాకార్ అనుకున్నారట. ఆ బాధ ఆయనకు చివరిదాకా ఉంది. "మేం జీతం తీసుకున్న సిపాయిలం" అనేవారు.

ఫౌజ్ బలం దాదాపు 22 వేలని చెబుతారు. అందులో పూర్తి ట్రైనింగ్, మంచి ఆయుధాలు ఉన్నవాళ్లు కొద్ది భాగమే. యుద్ధ విమానాలు లేవు. సముద్రం లేదు, చుట్టూ అన్ని వైపులా భారత్ భూమే. సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా పైలట్ కరాచీ నుంచి రాత్రుళ్లు విమానాల్లో ఆయుధాలు తెచ్చి దించేవాడు. విమానంలో రైఫిళ్లు వస్తాయి, ట్యాంకులు రావు. ఎదురుగా ఉన్నది భారత సైన్యం మొదటి ఆర్మర్డ్ డివిజన్, దాని పైన వైమానిక దళం. బీకాం చదివినవాడికి కూడా అర్థమయ్యే లెక్క ఇది.

ఆ ఐదు రోజులు

1948 సెప్టెంబర్ 11న కరాచీలో జిన్నా చనిపోయారు. 13న తెల్లవారుజామున "ఆపరేషన్ పోలో" మొదలైంది. మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి నాయకత్వంలో పెద్ద దళం సోలాపూర్ వైపు నుంచి వచ్చింది. మేజర్ జనరల్ రుద్ర దళం విజయవాడ వైపు నుంచి వచ్చింది. మొదటి రోజే నల్‌దుర్గ్ పోయింది. 16కల్లా జహీరాబాద్, అంటే ఇప్పటి మన పక్క సంగారెడ్డి జిల్లా. 17న బీదర్. అదే రోజు ప్రధాని మీర్ లాయక్ అలీ మంత్రివర్గం రాజీనామా చేసింది. సాయంత్రం నిజాం కాల్పులు ఆపమన్నట్టు రేడియోలో ప్రకటించారు.

18న సాయంత్రం చౌధురి దళం హైదరాబాద్‌లో అడుగుపెట్టింది. ఎద్రూస్ ఎదురెళ్లి ఫౌజ్ తరఫున లొంగిపోయారు. ఆ ఫోటో మీరు చూసే ఉంటారు, ఇద్దరు జనరళ్లు ఎదురెదురుగా నిలబడి ఉంటారు.

దాదా గోల్కొండ దగ్గర లైన్స్‌లో ఉన్నారు. ఒక్క గుండు కూడా పేల్చలేదు. వరసగా నిలబెట్టి, రైఫిళ్లు కుప్ప పోయించారట. "నా రైఫిల్ నంబర్ గుర్తుంది, నా పెళ్లి తారీఖు గుర్తులేదు" అని నవ్వేవారు. ఇది చెప్పినప్పుడల్లా మా దాదీ కోప్పడేవారు.

గద్దార్ అన్నారు, నిజమేనా?

లొంగుబాటు తర్వాత ఎద్రూస్‌ను ద్రోహి అన్నవాళ్లు చాలామంది ఉన్నారు. లోపాయికారీగా మాట్లాడుకున్నాడని, కావాలనే పోరాడలేదని అన్నారు. ప్రధానిగా ఉన్న లాయక్ అలీ 1950లో గృహ నిర్బంధం నుంచి తప్పించుకుని పాకిస్తాన్ వెళ్లిపోయారు. తర్వాత రాసిన తన పుస్తకంలో ఆయన కూడా కమాండర్‌ను తప్పుపట్టారు. ఎద్రూస్ వైపు మాట ఆయన జ్ఞాపకాల పుస్తకంలో ఉంది. "హైదరాబాద్ ఆఫ్ ది సెవెన్ లోవ్స్" పేరుతో అది 1994లో వచ్చింది, అంటే ఆయన పోయిన మూడు దశాబ్దాలకు. ఆ పేరులోని ఏడు రొట్టెలు ఆసఫ్ జాహీల పాత కథలోవి. మొదటి నిజాం ఒక బుజుర్గ్ దగ్గర ఏడు కుల్చాలు తిన్నాడని, ఆ వంశం ఏడు తరాలు ఏలుతుందని ఆయన అన్నారని కథ. మన పెద్దవాళ్లందరికీ తెలిసిందే.

మా మొహల్లాలో కూడా ఈ వాదన నడిచేది. ఒకసారి ఈద్ రోజు ఇంటికొచ్చిన ఒక బంధువు "ఎద్రూస్ అమ్ముడుపోయాడు" అన్నారు. దాదా చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్న మాట నాకు బాగా గుర్తుంది: "అమ్ముడుపోయాడో లేదో అల్లాకు తెలుసు. నాకు తెలిసింది ఒకటే. ఇంకో పది రోజులు లడాయి చేయమని ఉంటే నేను లేను, నీ అమ్మీ లేదు, నువ్వు లేవు."

నేను ఇప్పుడు లెక్కలు చూసి ఆలోచిస్తే దాదా మాటే సబబు అనిపిస్తుంది. గెలుపు ఎలాగూ లేదు. మిగిలిన ప్రశ్న ఒక్కటే, ఎంతమంది సిపాయిలు చావాలి అని. ఆపమని నిజాం చెప్పాక, ఫౌజ్ మొత్తం క్రమశిక్షణతో ఆగింది. అడవుల్లోకి పోయి తుపాకీ పట్టలేదు. ఆ క్రమశిక్షణకు కమాండరే కారణమని దాదా నమ్మకం.

అయితే గౌరవం ఉన్నంత మాత్రాన ప్రశ్నలు ఉండవని కాదు. రజాకార్లు ఊళ్ల మీద పడుతుంటే ఫౌజ్ ఎందుకు అడ్డుపడలేదు అని నేను దాదాను అడిగాను. "హుకుం రాలేదు" అన్నారు. ఆ జవాబు నాకు అప్పుడూ సరిపోలేదు, ఇప్పుడూ సరిపోలేదు.

ఎద్రూస్ చివరి రోజులు బెంగళూరులో గడిపి 1962లో కన్నుమూశారు. అదే ఏడాది చైనా యుద్ధం తర్వాత చౌధురి భారత సైన్యాధిపతి అయ్యారు. 1965 పాకిస్తాన్ యుద్ధంలో కూడా ఆయనే చీఫ్.

యుద్ధం ఐదు రోజులు, పాలసీ ఏళ్ల తరబడి

చౌధురి మిలిటరీ గవర్నర్ అయ్యారు. బయటి ప్రాంతాల నుంచి సివిల్ అధికారులు వచ్చారు. ఆ తర్వాత వరసగా తీసుకున్న నిర్ణయాలు చూద్దాం.

మొదటిది, ఫౌజ్. ఇర్రెగ్యులర్ దళాలను రద్దు చేశారు. రెగ్యులర్ ఫౌజ్‌లో కూడా చాలామందిని ఇంటికి పంపారు. దాదా కాగితంలోని "తఖ్ఫీఫ్" అదే. నాలుగేళ్ల సర్వీసుకు పింఛన్ రాలేదు, కొంత డబ్బు చేతిలో పెట్టి పంపారు.

రెండోది, అరెస్టులు. రజాకార్లన్న పేరుతో వేలమందిని పట్టుకున్నారు. నిజంగా నేరం చేసినవాళ్లు ఉన్నారు, ఊరికే దొరికినవాళ్లూ ఉన్నారు. తర్వాత క్రమంగా ఎక్కువ మందిని వదిలేశారు. రజ్వీ 1957 దాకా జైల్లో ఉండి, విడుదలయ్యాక పాకిస్తాన్ వెళ్లిపోయాడు. ఆయన మాట నమ్మి వెనకాల నడిచిన పేద పిల్లలకు వెళ్లడానికి ఎక్కడా చోటు లేదు.

మూడోది, అరబ్బులు. నిజాం కొలువులో తరాలుగా పనిచేసిన హద్రమీ అరబ్బులను విదేశీయులుగా చూసి, పంపించేయాలన్న ఆలోచన నడిచింది. వాళ్లలో చాలామంది ఇక్కడే పుట్టినవాళ్లు. హైదరాబాద్ బార్కస్‌లో ఇప్పటికీ ఆ కుటుంబాలు ఉన్నాయి. బార్కస్ అనే పేరే బారక్స్ నుంచి వచ్చింది.

నాలుగోది, జాగీర్లు. 1949 ఆగస్టులో జాగీర్ల రద్దు చట్టం వచ్చింది. నిజాం సొంత భూములైన సర్ఫ్-ఎ-ఖాస్ కూడా ప్రభుత్వంలో కలిసింది. రైతు వైపు నుంచి చూస్తే ఇది మంచి నిర్ణయం, వెట్టి కింద నలిగినవాళ్లకు ఊపిరి. జాగీర్దార్లకు వాయిదాల్లో పరిహారం దక్కింది. వాళ్ల దగ్గర జీతానికి ఉన్న చౌకీదారు, మున్షీ, బండివాడు, వంటవాడికి ఏ పరిహారమూ లేదు. ఇలాంటి చిన్న నౌకరీల మీద బతికినవాళ్లలో ముస్లింలు ఎక్కువ.

ఐదోది, భాష. నిజాం రాజ్యంలో ఆఫీసు, కోర్టు అన్నీ ఉర్దూలో నడిచేవి. ఉస్మానియా యూనివర్సిటీ ఉర్దూ మీడియంలోనే మొదలైంది. పోలీస్ యాక్షన్ తర్వాత కొద్ది కాలానికే ఇంగ్లీష్ వచ్చింది, తర్వాత ప్రాంతీయ భాషలు వచ్చాయి. తెలుగు రైతుకు తన భాషలో కాగితం రావడం న్యాయమే, దానికి నేను ఎదురు చెప్పను. కానీ ఉర్దూ ఒక్కటే చదివిన గుమస్తా ఒక్కసారిగా చదువురాని వాడితో సమానమయ్యాడు. బయటి నుంచి వచ్చిన ఉద్యోగుల మీద కోపం 1952లో ముల్కీ ఉద్యమంగా పేలింది. అందులో హిందూ ముస్లిం విద్యార్థులు కలిసే ఉన్నారు.

ఆరోది, నాణెం. ఇది నా సబ్జెక్టు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. హైదరాబాద్‌కు సొంత రూపాయి ఉండేది, హాలీ సిక్కా అనేవారు. భారత రూపాయిని కల్దార్ అనేవారు. 7 హాలీ రూపాయలకు 6 కల్దార్ రూపాయలు. దాదా చేతికి వచ్చింది హాలీ రూపాయల్లోనే. చేతిలో 70 హాలీ ఉంటే బయట దాని విలువ 60. 1959కల్లా హాలీ చెలామణి పూర్తిగా ఆగిపోయింది. పెట్టెల్లో దాచుకుని, మార్చుకోవడం తెలియక వదిలేసిన ముసలమ్మల కథలు మా మెదక్‌లో ఇప్పటికీ చెబుతారు.

మెదక్ పేరు ఉన్న నివేదిక

ఇది రాయడం కష్టం, కానీ వదిలేస్తే ఈ వ్యాసం అబద్ధం అవుతుంది.

పోలీస్ యాక్షన్ సమయంలో, తర్వాత ముస్లింల మీద జరిగిన దాడులను తెలుసుకోవడానికి ప్రధాని నెహ్రూ ఒక బృందాన్ని పంపారు. పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ సభ్యులు. 1948 నవంబర్ చివర నుంచి డిసెంబర్ మూడో వారం దాకా వాళ్లు జిల్లాలు తిరిగారు. రాష్ట్రం మొత్తం మీద తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని వాళ్ల అంచనా. ఎక్కువ నష్టం ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో. తర్వాతి నాలుగు జిల్లాల పేర్లలో ఔరంగాబాద్, బీడ్, నల్గొండతో పాటు మెదక్ కూడా ఉంది. ఈ నాలుగింటిలో కలిపి కనీసం 5 వేలు అని రాశారు.

కొన్నిచోట్ల సైనికులు, పోలీసులు కూడా లూటీల్లో, చంపుడులో పాల్గొన్నారని నివేదిక చెప్పింది. హిందువులు తమ ముస్లిం పొరుగువాళ్లను కాపాడిన సంగతి కూడా రాసింది. ముఖ్యంగా సాలెవాళ్లు సాటి ముస్లిం నేతగాళ్లను ప్రాణాలకు తెగించి కాపాడారని ఉంది. హోం మంత్రి సర్దార్ పటేల్ ఈ నివేదికను ఒప్పుకోలేదు. అది దశాబ్దాల పాటు బయటికి రాలేదు. 2013లోగానీ ఢిల్లీ నెహ్రూ మెమోరియల్ లైబ్రరీలో అందరూ చూసే వీలు కలగలేదు.

దాదా మిర్జాపల్లి స్టేషన్‌లో రైలు దిగి, మెయిన్ రోడ్డు వదిలి చేల గట్ల మీద రెండు రాత్రులు నడిచి మెదక్ చేరారు. దారిలో ఒక గొల్ల కుటుంబం ఆయనకు జొన్న రొట్టె పెట్టి, యూనిఫాం తీయించి, పంచె గొంగడి ఇచ్చింది. వాళ్ల పేరు అడగలేదని జీవితాంతం బాధపడ్డారు. అందుకే మా ఇంట్లో బక్రీద్ గోష్ట్ మొదటి వాటా ఇప్పటికీ గొల్లవాడకు పోతుంది.

ఇరాక్‌లో ఏం జరిగింది?

ఓడిన ఫౌజ్‌ను ఏం చేయాలన్నది ఒక్క హైదరాబాద్ ప్రశ్న కాదు. 2003 మే నెలలో అమెరికా ఇరాక్ సైన్యాన్ని ఒక్క ఆర్డర్‌తో రద్దు చేసింది. లక్షల మంది సైనికులు జీతం లేకుండా రోడ్డున పడ్డారు. వాళ్లలో కొందరు తిరుగుబాటు దళాల్లో కలిశారు, ఆ దేశం ఏళ్ల తరబడి కాలింది. అది పెద్ద తప్పని తర్వాత అమెరికా అధికారులే కొందరు ఒప్పుకున్నారు.

హైదరాబాద్ సిపాయిలు అలా చేయలేదు. హతియార్ కింద పెట్టినవాళ్లు మళ్లీ పట్టలేదు. రిక్షా తొక్కారు, హోటళ్లలో పనిచేశారు. దాదా మెదక్‌లో సైకిళ్లు రిపేర్ చేశారు, దాదీ బీడీలు చుట్టారు. వాళ్లు శాంతంగా ఉన్నారు కాబట్టే వాళ్ల గురించి ఎవరూ ఆలోచించలేదేమో. ఉద్యోగం పోయిన సిపాయికి ఇంకో పని నేర్పించడం, చిన్న ముక్క భూమి ఇవ్వడం, పిల్లల చదువుకు దారి చూపడం మీద గట్టిగా ఖర్చు పెట్టి ఉంటే, తర్వాతి తరం అంత వెనక పడేది కాదు. మా అబ్బా ఏడో తరగతిలో చదువు ఆపేసి సైకిల్ షాపులో కూర్చున్నారు. మా ఇంట్లో డిగ్రీ చదవడానికి నా దాకా ఆగాల్సి వచ్చింది. 1948 నుంచి లెక్కేస్తే అరవై ఏళ్లకు పైగా.

అన్ని తప్పులూ ఆ పాలసీవే అని నేను అనను. ఆ తర్వాత మనం చదువు మీద పెట్టాల్సిన ధ్యాస పెట్టలేదు, అది మన తప్పు. కానీ పిల్లలు "మనం ఎప్పుడూ ఇంతేనా?" అని అడిగినప్పుడు, ఎక్కడ నుంచి జారామో తెలిసి జవాబు చెప్పాలి కదా.

మీ ఇంట్లో పెట్టె ఉందా?

ఆ ఫౌజ్‌లో పనిచేసినవాళ్లు ఇప్పుడు దాదాపు ఎవరూ మిగల్లేదు. వాళ్ల కొడుకులు, కూతుళ్లు ఉన్నారు, వాళ్లకూ వయసు మీద పడింది. మీ ఇంట్లో పాత పెట్టె ఉంటే ఈ వారమే తెరవండి. ఉర్దూ కాగితం అర్థం కాలేదని పారేయకండి, చదవగలిగినవాళ్లకు చూపించండి. ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి. కాగితాన్ని లామినేషన్ చేయించకండి, పాత కాగితం లోపలే పాడైపోతుంది. నేను చేయించి తప్పు చేశాను. పెద్దవాళ్లను కూర్చోబెట్టి, ఏ రెజిమెంటు, ఏ ఊరు, ఏ సంవత్సరం అని అడిగి రాసుకోండి. నిజాం కాలం రికార్డులు హైదరాబాద్ తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి, ఒకసారి వెళ్లి అడగండి.

అడిగేటప్పుడు ఒక మాట గుర్తుపెట్టుకోండి. మనకు నచ్చే జవాబే రావాలని అడగకండి. దాదాను నేను చివరిసారి అడిగింది, ఎద్రూస్ సాబ్ మీద కోపం లేదా అని. "ఆయన నన్ను సజీవంగా ఇంటికి పంపాడు. ఇంటికొచ్చాక ఎలా బతకాలో చెప్పాల్సింది ఆయన కాదు" అన్నారు.